గోడకి తగిలించిన ఆది జాకెట్టు

కరోనా రావడానికి ముందటి ఏడాది, శివరాత్రి ఇంకా రాని చలి రోజులు. అరకులో సంత వీధి మలుపున, మందుల కొట్టుకీ టీ బడ్డీకీ మధ్య ఇరుక్కున్నట్టుండే నా కుట్టు దుకాణం ముందు నల్లకారు ఆగింది. అందులోంచి ఒక సినిమా హీరోయిన్ దిగింది. "మాస్టారూ, మీ చేతి కుట్టు గురించి హైదరాబాదులో విన్నాను" అంది. నేను మెడలోని టేపు తీసి, కొలతలు చూసి, చెవి మీది పెన్సిలుతో రాసుకున్నాను.

ఇంతవరకూ చెప్పినదాంట్లో చలి నిజం, దుకాణం నిజం, పెన్సిలు నిజం. హీరోయిన్ రాలేదు. వచ్చింది ఒక ప్లాస్టిక్ కవరు. అందులో మడత పెట్టిన పాత నల్ల కాటన్ జాకెట్టు ఒకటి ఉంది. నలభై ఏళ్ళుగా మిషను తొక్కుతున్నవాణ్ణి, సరే, ముప్పై ఆరే అనుకోండి, కథ కూడా కాస్త లూజుగా కోయడం నాకు అలవాటైపోయింది. కోసిన తర్వాత మెల్లిగా కుట్లు వేసి సరిచేస్తాను. ఈ ఒక్క కథకి మాత్రం సరిచేయడానికి కొండెక్కాల్సి వచ్చింది.

మా పనిలో 'ఆది' అంటే ఏమిటో తెలియని మగవాళ్ళ కోసం ఒక మాట. ఆడవాళ్ళు కొత్త జాకెట్టు గుడ్డ ఇచ్చేటప్పుడు, తమకు చక్కగా సరిపోయిన పాత జాకెట్టు ఒకటి దానితో పాటు ఇస్తారు. అదే ఆది. దాన్ని బల్ల మీద పరిచి ఛాతీ, నడుము, భుజం, మెడ చూసుకుని కొత్తది కోస్తాం. మనిషిని చూడనే అక్కర్లేదు. ఏళ్ళ తరబడి నా దగ్గర కుట్టించుకున్న కొందరి ముఖాలు నాకిప్పటికీ తెలియవు. వాళ్ళ భుజం ఎటు వాలుతుందో తెలుసు, ఏ చేత్తో ఎక్కువ బరువు మోస్తారో తెలుసు. ఎవరు చిక్కారో, ఎవరు నీళ్ళోసుకున్నారో ఇంట్లోవాళ్ళ కంటే ముందు నాకే తెలిసిన సందర్భాలున్నాయి. ఎందుకంటే జాకెట్టు పక్క కుట్టు లోపల అంగుళం, అంగుళమున్నర గుడ్డ వదిలిపెడతాం. దాన్ని మార్జిన్ అంటాం. ఒళ్ళు వస్తే పాత కుట్టు విప్పి, మార్జిన్ లోంచి గుడ్డ వదిలి, కొత్త కుట్టు వేస్తాం. శృంగవరపుకోటలో నాకు పని నేర్పిన గురువు, కత్తెర పట్టుకోనివ్వడానికి ముందే ఒక మాట చెప్పాడు. ఒకరి ఆది సంగతి రెండోవాళ్ళ చెవిన పడితే ఆ రోజుతో మిషను అమ్ముకోమన్నాడు. ఆ మాట నెత్తిన పెట్టుకునే, మిషను తల గోనెసంచిలో చుట్టుకుని, సొరంగాల్లోంచి వచ్చే పాసింజరు బండెక్కి ఈ కొండల్లోకి వచ్చాను.

అప్పటి అరకు వేరు. శుక్రవారం సంతకి కొండలు దిగి వచ్చినవాళ్ళు అల్లం బుట్టలు నా గడప దగ్గరే దించి, చీర ఫాల్ కుట్టేదాకా కబుర్లు చెప్తూ కూర్చునేవాళ్ళు. ఇప్పుడు వలిసె పూలు పూసినన్నాళ్ళూ ఆ పసుపు తోటల్లో ఫోటోలు దిగేవాళ్ళదే హడావుడి. వాళ్ళెవరికీ టైలరుతో పనిలేదు. ఆ ఏడాది నాకు పని బాగా పలచబడింది. ఇది సాకు కాదు. సాకే అనుకోండి.

ఆ నల్ల జాకెట్టు తెచ్చిన అమ్మాయి పేరు నీలిమ. ఆర్కిటెక్ట్. తను చేసేది ఎన్విరాన్‌మెంటల్ డిజైన్ అని చెప్పింది. అదేమిటని అడిగితే, "ఇల్లు కట్టేముందు ఆ చోటు గాలి ఎటునుంచి వీస్తుంది, చలికాలం ఎండ ఎక్కడ పడుతుంది, వాననీళ్ళు ఎటు పోతాయి, చుట్టుపక్కల ఏం దొరుకుతుంది, అన్నీ చూసుకుని దానికి తగ్గట్టు కట్టడం మాస్టారూ" అంది. తారు రోడ్డు ఆగిపోయే చోట, వెదురుతో, మట్టితో, కొండరాయితో ఒక ఇల్లు కట్టాలని ఆ అమ్మాయి పట్టుదల. పై ఊళ్ళలో కాన్పు దగ్గరపడ్డ ఆడవాళ్ళు వానలు ముదరకముందే దిగివచ్చి అందులో ఉంటారు. నొప్పులొస్తే జీపు అక్కడిదాకా వస్తుంది.

ఆ ఇంటి ఖర్చు కోసం, ఒక సినిమా హీరోయిన్ ముందుకు వస్తే, చారిటీ ఫ్యాషన్ షో తలపెట్టారు. కొత్త గుడ్డ ఒక్క గజం కూడా వాడకూడదన్నది దాని నియమం. హీరోయిన్ గారి పాత సినిమా దుస్తులూ, కొండ ఆడవాళ్ళు కట్టి వదిలేసిన చీరలూ కలిపి కొత్త బట్టలు కుట్టాలి. వాటిని వేసుకుని వెదురు స్టేజీ మీద నడవాలి. తర్వాత వాటిని వేలం వేస్తారు. హీరోయిన్ గారి జాకెట్టు మాత్రం ఇక్కడి టైలరే కుట్టాలని ఆవిడ కోరిందట. అలా ఆ ఆది నా బల్ల మీదికి వచ్చింది.

కాజాలు, హుక్కులు కుడుతూ నా పక్కనే కూర్చునే మా ఆవిడ వరాలమ్మ ఇదంతా విని, "పాతగుడ్డలకి ఏలం ఏటి? మనింట్లో ఓ మూటుంది. అదీ ఎట్టుకెల్లమను" అంది.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. బుద్రిది పైకొండ మీద ఇరవై ఇళ్ళ ఊరు. రోడ్డు లేదు. శుక్రవారం సంతకి అల్లం, రాజ్మా తెచ్చేది. రెండేళ్ళ కిందట వానల్లో మొదటి కాన్పుకి డోలీలో, అంటే కర్రకి కట్టిన దుప్పటిలో, దించుతుంటే వాగు దగ్గరే నొప్పులు ముదిరాయి. ఆ బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది. ఆ శుక్రవారం తన పెళ్ళి జాకెట్టు తెచ్చి నా బల్ల మీద పడేసింది. పసుపు రంగు, చేతులకి జరీ అంచు, వీపు మీద అద్దాలు. నెల కిందట ఒకసారి వదులు చేసిందే.

"మాస్టారూ, ఇది మళ్ళా పట్టేత్తంది. ఉన్న గుడ్డంతా ఇప్పెయ్యి."

"కొత్తది కుట్టించుకోరాదేటి గుంటా? పెళ్ళి జాకెట్టు ఇలా ఇప్పుకుంటూ పోతే ఏటి మిగుల్తాది?"

"ఇది మా యమ్మ కొన్నాది. కాన్పుకి ఇదే ఏసుకుని దిగుతాను. వచ్చే శుక్రారానికి సేసి ఉంచు."

ఆ సాయంత్రమే కుట్టు విప్పి, మిగిలిన మార్జిన్ అంతా వదిలి, కొత్త కుట్టు వేశాను. ఇస్త్రీ చేసి మడత పెట్టాను. దాన్ని అలమరలో పెట్టి ఊరుకుంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

మర్నాడు టీ బడ్డీ అతనికి హీరోయిన్ ఆది చూపించాను. చూపించకూడదని తెలుసు. గురువు గుర్తొచ్చాడు కూడా. అయినా చూపించాను. అతను ఆ వెలిసిపోయిన నల్ల జాకెట్టుని వేళ్ళ చివరల పట్టుకుని చూసి, "ఇదేటి మాస్టారూ, హీరోయిన్‌దా? మా అత్త జాకెట్టు ఇంతకంటే బాగుంటాది. కొయ్యకు" అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు.

నిజం చెప్పినప్పుడు ఎవరూ నమ్మకపోతే మనిషికి ఒళ్ళు మండుతుంది. అబద్ధాలు చెప్పే అలవాటున్నవాడికి ఇంకా ఎక్కువ మండుతుంది. నల్ల జాకెట్టు మడత పెట్టి సొరుగులో పెట్టాను. బుద్రి పసుపు జాకెట్టు తీసి, హ్యాంగరుకి వేసి, వీధిలోకి కనిపించేలా గోడకి తగిలించాను. కింద అట్టముక్క మీద 'హీరోయిన్ గారి ఆది. ముట్టుకోరాదు' అని రాశాను. ఎవరా హీరోయిన్ అని అడిగినవాళ్ళకి చెవిలో చెప్పాను.

మా ఆవిడ కాజా కుడుతున్న సూది ఆపింది. "అది బుద్రిది."

"ఒక్క రోజే. సాయంత్రం తీసేత్తాను."

తీసేద్దామనే అనుకున్నాను. లేదు, అది కూడా అబద్ధమే. శుక్రవారం బుద్రి వచ్చేదాకా ఉంచుదామనే అనుకున్నాను. ఎందుకంటే మధ్యాహ్నానికే బస్సుల్లో వచ్చిన టూరిస్టులు ఆ అద్దాల జాకెట్టు పక్కన నిలబడి సెల్ఫీలు దిగడం మొదలెట్టారు. చాలా కాలం తర్వాత నా గడప ముందు జనం ఉన్నారు. పక్కన నిలబడి నేను కూడా కొన్ని ఫోటోల్లో పడ్డాను.

మూడో రోజు విశాఖ నుంచి ఒకాయన వచ్చాడు. సినిమావాళ్ళ కబుర్లు చెప్పే యూట్యూబ్ ఛానెల్ నడుపుతాడట. నన్ను "గురువుగారూ" అన్నాడు. దాంతో సగం పడిపోయాను. జాకెట్టుని దగ్గరగా చూసి, లోపలి వైపు తిప్పి, పక్క కుట్టు మీద వేలు పెట్టాడు. విప్పిన కుట్టు స్థానంలో సూది చిల్లులు వరసగా కనిపిస్తాయి. అక్కడ రెండు వరసలున్నాయి.

"ఇది రెండుసార్లు వదులు చేసినట్టుందే. ఎందుకు గురువుగారూ?"

'ఇది హీరోయిన్‌ది కాదు బాబూ' అని అప్పుడే అనొచ్చు. అనలేదు. 'నాకేం తెలుసు' అని అయినా అనొచ్చు. అదీ అనలేదు. కెమెరా నా మీదే ఉంది. గొప్ప రహస్యం గుండెల్లో దాచుకున్నవాడిలా తల పక్కకి వాల్చి నవ్వాను. నేను మాట అనలేదని తర్వాత చాలామందితో వాదించాను గానీ, ఆ నవ్వు మాట కంటే పెద్ద అబద్ధం.

సాయంత్రానికి టీ బడ్డీ దగ్గర ప్రతి ఫోన్లోనూ నా గోడ కనిపించింది. పెళ్ళికాని ఆ హీరోయిన్ గారు గర్భవతి అనీ, అరకులో రహస్యంగా ఉంటోందనీ, ఆవిడ టైలరే ఒప్పుకున్నాడనీ పెద్ద అక్షరాలతో రాశారు. నా నవ్వు దగ్గర బొమ్మ ఆపి, ఎరుపు రంగులో సున్నా చుట్టారు.

ఆ మర్నాడు ఉదయం నీలిమ వచ్చింది. కోపంగా వస్తుందనుకున్నాను. నిద్రలేని ముఖంతో వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఆవిడ కొత్త సినిమావాళ్ళు ఇక్కడికి రావద్దన్నారు మాస్టారూ. ఆవిడ రాకపోతే షో లేదు. షో లేకపోతే ఈ వానలకి ఇల్లు లేదు." తల ఎత్తి గోడ చూసింది. "నేను మీకిచ్చింది నల్లది కదా. ఇదెవరిది?"

నేను టేపు చుట్టడం మొదలెట్టాను. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాను.

"నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంతావా?" అంది మా ఆవిడ.

చెప్పాను. మొత్తం చెప్పాను. నీలిమ అక్కడికక్కడే హీరోయిన్ గారికి ఫోను చేసింది. ఫోను స్పీకర్లో పెట్టి నా ముందు ఉంచింది. ఆవిడ గొంతు సినిమాల్లో లాగా లేదు. జలుబు చేసినట్టుంది. నేను జరిగింది చెప్పి, "మీ కాళ్ళు పట్టుకుంటానమ్మా" అన్నాను.

ఆవిడ ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "అది నాది కాదని చెప్పండి, చాలు. ఎవరిదో మాత్రం చెప్పకండి. నా వెనక పడ్డ కెమెరాలు ఆవిడ ఇంటి మీద పడతాయి" అంది.

అన్నన్ని మాటలు పడ్డ మనిషి, ముందుగా ఆ మాట అనగలిగింది. నేను ముప్పై ఆరేళ్ళ టైలర్ని, నాకు ఆ ఆలోచన రాలేదు.

నీలిమ ఫోన్లోనే వీడియో తీసింది. అది హీరోయిన్ గారి జాకెట్టు కాదు, నేను అబద్ధం చెప్పాను అని చేతులు జోడించి చెప్పాను. దాన్ని నెట్‌లో పెట్టిన గంటలోనే కింద రాశారు, టైలర్ని కొనేశారని. మరి అది ఎవరిదో చెప్పమని కొందరు సవాలు విసిరారు. జీవితంలో నేను చెప్పిన శుద్ధమైన నిజాలు కొన్నే. అందులో ఇది ఒకటి. ఒక్కడూ నమ్మలేదు.

శుక్రవారం బుద్రి వచ్చింది. జాకెట్టు అప్పటికే గోడ మీంచి తీసేశాను. ఇంకొకరి నోట వినకముందే నేనే చెప్పాను. సగంలోనే ఆవిడ ముఖం మారిపోయింది.

"ఎవల్నడిగి తగిలించేవు?"

"తప్పైపోనాది బుద్రీ."

"కడుపుతో ఉన్న మడిసి గుడ్డ పదిమంది కళ్ళల్లో ఎట్టకూడదని నీకు తెల్దా? మొదటిదాని సంగతి ఈ సంతలో అందరికంటే నీకే ముందు సెప్పేను. తెల్సుండీ ఏలాడదీసేవు."

జాకెట్టు లాక్కుని అల్లం బుట్టలో అడుగున పెట్టి, పైన సంచి కప్పి వెళ్ళిపోయింది. దుకాణం ముందు నుంచి ఆవిడ వెళ్తుంటే చూశాను. నడుము మీద చెయ్యి వేసుకుని నడుస్తోంది. ఆ రోజు మా ఆవిడ నాకు అన్నం పెట్టింది, కూర పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే బుద్రి ఊరికి బయల్దేరాను. నీలిమ కూడా వస్తానంది. రోడ్డు ఆగినచోట ఆటో దిగి కొండెక్కాం. నేనైతే కుర్రాడిలా ఒక్క ఊపున ఎక్కేశాను. నీలిమ ఇది చదివితే నవ్వుతుంది కాబట్టి చెప్తున్నాను, ఏడుచోట్ల కూర్చున్నాను. వాగు దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాను. నీళ్ళు పాదం తడిసేంతే ఉన్నాయి. రెండేళ్ళ కిందట ఆ బండల మధ్య ఏం జరిగిందో తెలిసినవాణ్ణి. ఇక్కడికి వచ్చి కూర్చుంటే తప్ప అది నాకు తెలిసినట్టు కాదని అప్పుడర్థమైంది.

బుద్రి అత్త వాకిట్లో చోళ్ళు, అంటే రాగులు, చెరుగుతోంది. బుద్రి అరుగు మీద కూర్చుని నన్ను చూసి, "ఏటి తాతా, గోడ సాలక కొండెక్కేవా?" అంది. అంతకుముందు ఎప్పుడూ మాస్టారూ అనే పిలిచేది.

"క్షమించమని సెప్పడానికొచ్చేను. ఇంకేటీ అడగను."

అత్త మాకు అంబలి తెచ్చి ఇచ్చింది. నాకిచ్చేటప్పుడు గిన్నె కొంచెం గట్టిగా కింద పెట్టింది. బుద్రి నన్ను వదిలేసి నీలిమ వైపు తిరిగింది.

"అమ్మా, ఆ ఇల్లు కడతారా, కట్టరా?"

"ఆవిడ రాకపోతే కష్టం. ఈ వానలకైతే కట్టలేం."

చేటలో చోళ్ళ చప్పుడు ఆగింది. అత్తా కోడలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ భాషలో ఏదో మాట్లాడుకున్నారు. వాగు అనే మాట ఒక్కటే నాకు అర్థమైంది.

"మరైతే అది నాదని నాను సెప్పాల గదా" అంది బుద్రి.

"వద్దు గుంటా. నీ పేరు బయటికొత్తాది. కెమెరాలట్టుకుని వచ్చేత్తారు."

"రానీ. నీ మోకాళ్ళే ఒప్పుకోనేదు, ఆల్లు ఎక్కుతారేటి?" అని నవ్వింది. మళ్ళీ నవ్వు ఆపేసి, "నీకోసం కాదు. నాను దిగాల. అందుకు" అంది.

ఆ తర్వాత చెయ్యి చాపింది. "ఏదీ, ఆ ఇల్లెలాగుంటాదో సూపించు. నాను సెప్పేది దేనికోసమో సూడాల గదా."

నీలిమ సంచిలోంచి డ్రాయింగు తీసి అరుగు మీద పరిచింది. రాతి పునాది, మట్టి గోడ, వెదురు కప్పు మీద గాలి ఆడడానికి జాగా వదిలి పెంకులు, వాననీళ్ళకి తొట్టె. చాలా అందంగా ఉంది. బుద్రి బొటనవేలితో గీతల వెంట వెళ్ళింది.

"ఇయ్యేటి?"

"మంచాలు. ఆరుగురికి."

"పొయ్యేదీ?"

"వంట అక్కర్లేదు. భోజనం కింద నుంచి వస్తుంది."

"వంటకి కాదమ్మా. మంట నేకపోతే సలికి నడుం పట్టేత్తాది. మా అత్త ఎక్కడ పడుకుంటాది?"

"తోడొచ్చినవాళ్ళకి బయట వరండా ఉంది."

"అత్త బయటా, నాను లోపలా? అలాగైతే ఈ కొండ మీంచి ఒక్కర్తీ దిగదు. సూడు, దూలానికి ఓ తాడు కట్టించు. నొప్పులొచ్చినప్పుడు పట్టుకోడానికి. మంచం పట్టుకుంటే కదిలిపోతాది."

నీలిమ ఆ కాగితాన్ని తొలిసారి చూస్తున్నట్టు చూసింది. "గాలి కొలిచాను, ఎండ కొలిచాను, వాలు కొలిచాను" అంది తనలో తాను.

"ఆది తీసుకోనేదమ్మా" అన్నాను. ఆ వారంలో నా వృత్తి తెలిసినవాడిలా నేనన్న మొదటి మాట అదే.

పెన్సిలు పట్టుకుని నీలిమ అరుగు మీదే మళ్ళీ గీయడం మొదలెట్టింది. నొప్పులు పడుతున్న మనిషిని అత్త పట్టుకుని నడిపించాలి, ఇద్దరూ పక్కపక్కన గుమ్మంలో పట్టాలి అంది బుద్రి. నిలబడి, అత్త భుజం మీద చెయ్యి వేసి, వాకిట్లో నడిచి చూపించింది. నేను మెడలో టేపు తీసి ఇద్దరి వెడల్పూ కలిపి కొలిచాను. మార్జిన్ కలిపాను. ఆ ఇంటి గుమ్మం వెడల్పు నా టేపుతో కొలిచిందే. దీంట్లో మాత్రం అంగుళం కూడా కలపలేదు, కావాలంటే వెళ్ళి చూసుకోండి.

పసుపు జాకెట్టు చేత్తో పట్టుకుని బుద్రి మాట్లాడింది నీలిమ ఫోన్లో తీసి, వాగు దాటాక సిగ్నల్ వచ్చేచోట హీరోయిన్ గారికి పంపింది. ఇంకెవరికీ పంపలేదు. దాన్ని ఏం చెయ్యాలో మీరే చెప్పండి అని మాత్రం రాసింది. జవాబు మేం రోడ్డు మీదికి చేరేసరికి వచ్చింది. వస్తున్నాను అని.

షో రోజు వెదురు స్టేజీ చుట్టూ జనం కిక్కిరిసిపోయారు. బట్టల కోసం వచ్చినవాళ్ళు కొందరు. హీరోయిన్ పొట్ట చూడ్డానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. విశాఖ ఛానెల్ ఆయన కూడా ముందు వరసలోనే ఉన్నాడు. హీరోయిన్ గారు నేను కుట్టిన జాకెట్టు వేసుకుని వచ్చింది. ఒంటికి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. కుడిచంక దగ్గర కొంచెం పట్టింది, ఆవిడ చెయ్యి ఎత్తినప్పుడు చూశాను. ఆవిడ నడిచి మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. బుద్రి వచ్చింది. పసుపు జాకెట్టు వేసుకుంది. భుజం మీద ముడివేసిన చీరకట్టు, జడలో పువ్వు, పక్కన అత్త. అత్త లేకుండా స్టేజీ ఎక్కనందట.

మైకు దగ్గరగా పెట్టుకుని బుద్రి అంది. "ఈ జాకెట్టు నాది. కడుపుతో ఉన్నది నాను, ఈయమ్మ కాదు. నాకు ఆరో నెల. ఇంకేటైనా అడగాలా?"

ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు. హీరోయిన్ గారు అద్దాల జాకెట్టు వీపు చూసి బుద్రి చెవిలో ఏదో అడిగింది. ఏమడిగిందని నేను తర్వాత అడిగితే, "వీపు మీద అద్దాలు కుచ్చుకోవా అని" అంది బుద్రి. నేను కూర్చున్న వైపు ఇద్దరూ ఒక్కసారైనా చూడలేదు. చూడాల్సిన పని కూడా లేదు.

ఆ ఛానెల్ ఆయన బుద్రి మాటలు కూడా పెట్టాడు. దాన్ని చూసినవాళ్ళు తక్కువ. ఇప్పటికీ ఏ టూరిస్టో దుకాణంలోకి తొంగిచూసి, "ఆ హీరోయిన్ బిడ్డ సంగతి నిజమేనా?" అని అడుగుతాడు. నిజం కాదని చెప్తాను. చెప్పేటప్పుడు నవ్వను. ఈ వయసులో కొత్తగా నేర్చుకున్న పని అదొక్కటే.

వానలు పట్టేముందు ఇల్లు లేచింది. ఒక పక్క గోడ మెత్తుడు మిగిలిపోతే తడికె కట్టారు. పొయ్యి ఉంది, దూలానికి తాడు ఉంది. మొదటగా దిగినవాళ్ళలో బుద్రీ అత్తా ఉన్నారు. ఒక పొద్దున్న ముసురులో నొప్పులొచ్చాయి. జీపు వచ్చింది. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు తెచ్చిన మనిషికి మా ఆవిడ టీ ఇచ్చింది, చాలా రోజుల తర్వాత నా కంచంలో రెండు కూరలు వేసింది.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ఎవరి ఆది అయినా వాళ్ళ కవరులోనే ఉంటుంది, కవరు మూతి మడిచి ఉంటుంది. గోడ మీద మేకు పీకేశాను. చూడ్డానికి గొప్పగా లేని ఆ నల్ల జాకెట్టే నా దగ్గరికి వచ్చిన గొప్ప ఆది. దాన్ని సొరుగులో పెట్టి అక్కడితో ఆగి ఉంటే టీ బడ్డీ దగ్గర నలుగురు నవ్వి ఊరుకునేవాళ్ళు. ఆ నవ్వు నేను ఓర్చుకోలేకపోయాను. దాని బరువు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు మోశారు. టైలరుకి కత్తెర కంటే ముందు కావలసింది నలుగురూ నవ్వితే పడగల ఓర్పు అని ఇప్పుడు తెలిసింది. గురువు ఈ సంగతి చెప్పలేదు. చెప్పే ఉంటాడు, నేనే విని ఉండను.

చలికాలం మళ్ళీ వచ్చాక ఒక శుక్రవారం బుద్రి వీపున పిల్లని కట్టుకుని వచ్చింది. పసుపు జాకెట్టు బల్ల మీద పెట్టి, "మళ్ళా లోపలికి తియ్యి మాస్టారూ" అంది. తాతా అనలేదు. నేను విప్పి, లోపలికి జరిపి కుట్టి ఇచ్చాను. ఆవిడ వెలుగులోకి తీసుకెళ్ళి పక్క కుట్టు చూసింది. పాత కుట్లు ఉన్నచోట సూది చిల్లులు రెండు వరసలూ అలాగే కనిపిస్తున్నాయి.

"ఈ సిల్లులు పోవేటి?"

"ఉతగ్గా ఉతగ్గా పోతాయి."

నా ముఖంలోకి చూసింది. "అబద్దం."

"అబద్ధమే. పోవు."

"ఉండనీ" అని, జాకెట్టు మడత పెట్టి పిల్ల మీద కప్పి సంతలోకి వెళ్ళిపోయింది.